దుబాసీ కనబడలేదు

ఆషాఢ శుద్ధ నవమి. మొదటి రాత.

మరమ్మతు చేసేవాడు ఏ రోజు ఏం చేశాడో ఆ రోజే పలకలో రాసిపెట్టాలని మా ఊరున్న ఈ ఏటి గట్టు మీద నియమం. ఆ నియమం పెట్టించింది నేనే. అది పెట్టించిన రోజున సభలో నవ్వినవాళ్ళలో ఇప్పుడు బతికున్నది లోవరాజు ఒక్కడే. అతనే ఇప్పుడు ఊరి పెద్ద, ఈ రాతలు మొదట చదవాల్సిందీ అతనే. తీరిగ్గా, పెదవులు కదపకుండా చదవమని మనవి.

నా పేరు వీరభద్రం. డెబ్బై ఎనిమిదేళ్ళు. ఊరి లెక్కల యంత్రం ఉండే రాత ఇంట్లో నలభై ఆరేళ్ళు పనిచేశాను, ఒక్కనాడూ దానికి పెద్దను కాలేదు. ఆ కుర్చీలో ఇరవై రెండేళ్ళు కూర్చున్నవాడు మేడిశెట్టి సత్యానందం. నా పుస్తకాలు పట్టుకెళ్ళి పేజీల మూలలు మడిచి తిరిగిచ్చేవాడు. మొన్న జ్యేష్ఠ బహుళ త్రయోదశి నాడు పోయాడు. నిన్న అతని పదకొండో రోజు. ఊరంతా వెళ్ళింది, నేను వెళ్ళలేదు. ఇంకెవరూ దొరక్క రాత ఇల్లు చూడమని నన్నే పిలిచారు. దొరక్క పిలిచారన్న సంగతి వాళ్ళు దాచలేదు, నేనూ దాచను.

ఈ పొద్దున సోలార్ రేకుల మీద పేరుకున్న ఉప్పు తడిగుడ్డతో తుడిచి, యంత్రానికి కరెంటు అందిందని చూసుకుని, పలక తెరిచాను. పలక మేం రాసుకునే ప్రోగ్రాము. బొమ్మలు లేవు, గొంతు లేదు, అడగని సలహాలు లేవు. అక్షరం కొడితే అక్షరం పడుతుంది, అంతే. నా జీవితంలో చాలా యంత్రాలను చూశాను, వాటిని పొగుడుతూ రాసిన పుస్తకాలూ చాలా చదివాను. నాకు ఎన్నడూ అబద్ధం చెప్పనిది ఈ పలక ఒక్కటే.

తెరవగానే పై వరసలో ఒక వాక్యం ఉంది: "దుబాసీ కనబడలేదు."

పలకకు రాయడం వచ్చు, లెక్క రాదు. లెక్క దుబాసీ పని. రేపటి పోటు ఎంత ఎత్తు, లోపలి కాలువలో నీరెంత అని మేం పలకలో రాస్తాం. ఆ లెక్కల సూత్రాలు కూడా మనుషులు చదవగలిగే మాటల్లో పలకలోనే ఉంటాయి. దుబాసీ వాటిని ఒక్కొక్క వరసే చదివి యంత్రానికి అర్థమయ్యేలా చెబుతుంది. అప్పుడు పోటు చీటీ వస్తుంది. పద్నాలుగు లాకుల్లో ఏది ఏ నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పాలో అందులో ఉంటుంది. చీటీ లేకుండా లాకు తలుపు తిప్పే ఏ లష్కరూ చక్రం మీద చెయ్యి వేయకూడదు.

ఈ రోజు చీటీ రాలేదు. అష్టమి, నవమి పోట్లు చిన్నవి కనుక లాకులు మూసి ఉంచినా గడిచింది. పున్నమికి అలా గడవదు.

దశమి. రెండో రాత.

పోయిన వారం ఎగువ ఊరి నుంచి ఒక మనిషి వచ్చి యంత్రం విప్పి, తుప్పు పట్టిన భాగం ఒకటి మార్చి వెళ్ళాడు. తప్పు అతనిదేనని తేల్చుకున్నాను. ఎగువ వాళ్ళకు మంచినీళ్ళు ఎక్కువ, శ్రద్ధ తక్కువ అని ఒక ఉత్తరం రాసి పడవలో పంపాను. ఉత్తరం బాగా కుదిరింది.

తర్వాత ఉమ్మడి వరుసలో వెతికాను. మా యంత్రంలో మూడు వరుసలున్నాయి. ఊరికి చెందినవి ఉమ్మడి వరుసలో ఉంటాయి. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క అర చొప్పున ఇళ్ళ వరుస. పోయినవాళ్ళ అరలకు పెద్దల వరుస. ఊరి లాకులు నడిపే దుబాసీ ఉమ్మడి వరుసలోనే ఉండాలి కదా. అక్కడ లేదు. ఎగువ మనిషి తుడిచేశాడని ఉత్తరానికి ఇంకో పేజీ కలపాలనిపించింది గాని, పడవ వెళ్ళిపోయింది.

పాత పెట్టెల్లో ఇంకో దుబాసీ ఉంటే తెచ్చి పెట్టాను. పలక మళ్ళీ అదే మాట చెప్పింది. మధ్యాహ్నం దాకా తల పట్టుకున్నాక సంగతి తెలిసింది. పలక ఒక్క గుక్కలో కొన్ని అంకెలే మింగే ఇరుకు యంత్రాల కాలంలో కట్టినది, నేను తెచ్చినది వెడల్పు యంత్రాల కాలంది. ఇరుకు ప్రోగ్రాములోకి వెడల్పుది దూరదు. పలక దాన్ని కాలితో తోసేసి, కనబడలేదు అంటుంది. ఇది అబద్ధం కాదు. తనకు పనికొచ్చేది కనబడలేదు అని దాని అర్థం. నేనూ కొందరి విషయంలో జీవితమంతా అలాగే మాట్లాడాను.

సాయంత్రం ఏడో లాకు లష్కరు నూకరత్నం వచ్చింది. నలభై దాటిన మనిషి, చేతులు చక్రానికి కాయలు కాసి ఉంటాయి. ఈ ఏడు గట్టు మొత్తానికి మిగిలిన చవుడు వరి విత్తనం ఆమె లాకు కింది నారుమళ్ళలోనే మొలకెత్తి ఉంది. పోటు ముందు ఏటి మంచినీరు వెనక్కి తన్నుకొస్తుంది, దాని వెనకే సముద్రం వస్తుంది. ముందుదాన్ని లోపలికి పట్టి వెనకదాన్ని ఆపాలి. మధ్యలో ఉండే వ్యవధి పది పన్నెండు నిమిషాలు. తెరవకపోతే నారు ఎండుతుంది, ఆలస్యంగా మూస్తే ఉప్పుకి చస్తుంది. పున్నమికి లోపల నీరు నిండి ఎదురు తొయ్యకపోతే ఏడో లాకు తలుపులే ఆగవు. నారు పోతే లాకు నూకరత్నం చేతిలోంచి పోతుంది, లాకు పోయినవాళ్ళకు గట్టు మీద ఇల్లుండదు. ఈ సంగతి ఆమె చెప్పలేదు. నారు ఆకు కొస ఒకటి తెంపుకొచ్చి నా బల్ల మీద పెట్టింది. చుట్టుకుపోయి ఉంది.

ఏకాదశి. మూడో రాత.

చీటీ చేత్తో రాశాను. యాభై ఏళ్ళుగా లెక్కల పుస్తకాలు చదివినవాడిని, పద్నాలుగు లాకుల లెక్క నాకొక లెక్కా అనుకున్నాను. నిన్న పొద్దువాలే లోపు మొదలుపెట్టి ఈ పొద్దున ఆరింటికి ముగించి, సంతకం చేసి, లష్కర్లకు పంచాను.

చీటీ ప్రకారమే నూకరత్నం ఏడో లాకు తెరిచింది, చీటీ ప్రకారమే మూసింది. నేను ఒడ్డున నిలబడి ఉన్నాను. తలుపు ఇంకా సగం దిగకముందే ఆమె వంగి, నీళ్ళు దోసిట్లో పట్టి నాలిక మీద వేసుకుని ఉమ్మేసింది. చీటీలో ఉన్న నిమిషం వచ్చేదాకా చక్రం తిప్పే వేగం మాత్రం మార్చలేదు. నియమం అది. ఆ నియమం కోసం ఆమె పళ్ళు కొరుక్కోవడం నాకు కనబడింది.

కింది మళ్ళు రెండు పోయాయి. మిగిలినవి తొమ్మిది.

తప్పు ఎక్కడ జరిగిందో లెక్క మూడుసార్లు తిరగేసినా దొరకలేదు. వెళ్ళేటప్పుడు నూకరత్నం ఒక మాట అంది.

"సత్యానందంగారి చీటీ అయితే నేనెప్పుడూ నీళ్ళు నోట్లో ఏసుకోలేదండి మాస్టారూ."

ద్వాదశి. నాలుగో రాత.

ఇరుకు కాలపు దుబాసీ ఇంకొకటి దొరికింది. పలక దాన్ని తీసుకుంది. పై వరసలో కనబడలేదన్న మాట పోయింది. ఒక్క క్షణం కుర్చీలోంచి లేచాను. తర్వాత మన సూత్రాలు చదవమంటే మూడో వరస దగ్గరే ఆగిపోయింది. అది వేరే తరం దుబాసీ, దాని భాష వేరు. మన సూత్రాల్లో సగం మాటలు దానికి తెలియవు. తెలియనిదాన్ని ఊహించి ఏదో ఒకటి చెప్పకుండా ఆగిపోయినందుకు దాన్ని మెచ్చుకుంటున్నాను. ఊహించి చెప్పేవి ఎన్ని ప్రాణాలు తీశాయో గట్టు మీద అందరికీ తెలుసు.

అందరికీ తెలుసుననుకున్నాను. మధ్యాహ్నం లోవరాజు వచ్చి, పున్నమి ఒక్క రోజుకి ఎగువ నుంచి మాట యంత్రాన్ని తెప్పిద్దామన్నాడు. పోటెంతో చెబితే చాలు, ఏ లాకు ఎప్పుడు తిప్పాలో అది తన గొంతుతోనే చెబుతుందట. ఎలా చెబుతుందని అడిగాను. ఎలా అయితే మనకెందుకన్నాడు.

రాత ఇంటి గోడ మీద ఎర్ర అక్షరాలతో రెండు వాక్యాలున్నాయి. "చదవలేనిది నడవకూడదు. పోయినవాళ్ళది నడవకూడదు." లోవరాజు వాటికి ఆనుకుని నిలబడి ఈ మాట అన్నాడు. అతని తాత, మా నాన్న, ఇంకా మూడు వందల మంది ఒకే పోటులో పోయారు. చనిపోయిన లాకు సూపరింటెండెంటు గొంతుతో ఒక మాట యంత్రం రెండు నెలలపాటు ఆజ్ఞలిస్తే, ఆ పెద్దాయన బతికే ఉన్నాడనుకుని లష్కర్లు చక్రాలు తిప్పారు. ఆ పోటు వేళ ఆ యంత్రం అలాంటి ఆజ్ఞ ఎందుకిచ్చిందో ఈ రోజుకీ ఎవరూ చదవలేకపోయారు.

పున్నమి పొద్దున ఆరింటిదాకా గడువిచ్చాడు. అప్పటికీ చీటీ లేకపోతే మాట యంత్రం మాటే చీటీ. పడవ పంపేశాడు కూడా.

త్రయోదశి. ఐదో రాత.

పొద్దున నూకరత్నం మళ్ళీ వచ్చింది. నేను చేసినవన్నీ వరసగా చెప్పాను. చెబుతున్నప్పుడు నా గొంతులో కొంత గర్వం కూడా ఉంది, ఒప్పుకుంటాను. రెండు దుబాసీలు, ఇరుకు, వెడల్పు, తరాలు, భాషలు, ఎగువ మనిషికి రాసిన ఉత్తరం. ఆమె అంతా విని, ఒక ప్రశ్న అడిగింది.

"అది ఎక్కడ ఎతుకుతుందో దాన్నే అడిగేరా?"

ఆమె పలక వైపు గడ్డం ఎత్తి చూపింది.

"లాకు బిగుసుకుంటే మేం ముందు చక్రం మీద పడం మాస్టారూ. గొలుసు ఎటెళ్తుందో చూస్తాం."

అడగలేదు. నాలుగు రోజులుగా నేను ఎక్కడ వెతకాలో నేనే తేల్చుకుని వెతుకుతున్నాను. పలకలో ఆ ప్రశ్నకు ఒక ఆజ్ఞ ఉంది, నలభై ఏళ్ళ కింద నేనే నలుగురికి నేర్పాను. కొట్టాను. పలక ఒక్క వరస జవాబిచ్చింది.

"ఇళ్ళ వరుస, మేడిశెట్టి సత్యానందం అర, పెరడు, దుబాసీ."

ఊరి లాకులన్నీ నడిపిన దుబాసీ ఇన్నాళ్ళూ అతని సొంత అరలో ఉంది. ఇప్పుడు ఇళ్ళ వరుసలో ఆ అర లేదు. మతం ఏదైనా, పోయిన మనిషి పదకొండో రోజున అతని అరను ఇళ్ళ వరుసలోంచి ఎత్తి పెద్దల వరుసలో పెట్టడం గట్టు మీద ఆచారం. ఇంటివాళ్ళు, ఇరుగుపొరుగువాళ్ళు యంత్రం చుట్టూ చేరతారు, పెద్దకూతురు గాని భార్య గాని మీట నొక్కుతుంది, అందరికీ అటుకులు పెడతారు. ఆ తర్వాత ఆ అరలోవి చదువుకోవచ్చు, నడపకూడదు. అష్టమి మధ్యాహ్నం ఊరంతా చూస్తుండగా సత్యానందం భార్య మీట నొక్కింది. ఆ నిమిషానే పలక పై వరసలో ఆ మాట వచ్చి ఉంటుంది. పక్క గదిలో పలక తెరిచి చూడగలిగినవాడు ఒక్కడుండాలి. ఆ ఒక్కడు ఆ రోజు అలిగి ఇంట్లో కూర్చుని పుస్తకం చదువుకున్నాడు.

ఎగువ మనిషికి క్షమాపణ ఉత్తరం రాశాను. ఇది మొదటి ఉత్తరంలా కుదరలేదు. అయినా పంపాను.

ఇక అతను దుబాసీని సొంత అరలో ఎందుకు ఉంచుకున్నాడు? రాత ఇంటికి పెద్ద, ఉమ్మడి వరుసలో పెట్టడానికి ఏం అడ్డం? పాత ఆమోదాల కట్ట తీశాను. తీయకుండానే నాకు తెలిసి ఉండాల్సింది. ఇరవై రెండేళ్ళ కింద ఈ ఊరికి చదువరిని నేను. ఉమ్మడి వరుసలో ఏదైనా పెట్టాలంటే దాన్ని మొదటి వరస నుంచి చివరిదాకా చదివి, "చదివాను, బాగుంది" అని బతికున్న మనిషి ఒకరు సంతకం పెట్టాలి. సత్యానందం తను రాసిన దుబాసీని పట్టుకొచ్చింది నా దగ్గరికే. అతనికి ఆ కుర్చీ వచ్చి అప్పటికి నెల. నేను పదకొండు వేల వరసలూ చదివాను, ఒక్కటీ వదలకుండా. నలభై మూడు అభ్యంతరాలు రాశాను. చివర "తగదు" అని రాసి సంతకం పెట్టాను. సంతకం కింద ఒక గీత కూడా గీశాను, అది ఇప్పటికీ కొట్టొచ్చినట్టు ఉంది.

సొంత అరలో సొంత పూచీ మీద నడుపుకోవడం తప్పు కాదు. అతను అలాగే నడిపాడు. నా తర్వాత వచ్చిన చదువరి ఎవరో ఆమోదించి ఉంటారని నేను అనుకున్నాను. ఎవరినీ అడగలేదు.

చతుర్దశి. ఆరో రాత.

పెద్దల వరుసలో ఒక అర చదవాలంటే ఇంటివాళ్ళతో చెప్పాలి. పొద్దున పేరంటాలుగారి ఇంటికి వెళ్ళాను. సత్యానందం భార్య. వాకిట్లో చేపలు ఎండబోస్తోంది. నన్ను చూసి చేతులు కడుక్కుని లోపలికి రమ్మంది. ఏం కావాలో చెప్పాను. అభ్యంతరాల సంగతి చెప్పడానికి నాకు కొంత సేపు పట్టింది.

"ఆ రోజు మీరు వస్తారని ముందు వరసలో కుర్చీ ఏయించేనండి అన్నయ్యగారూ," అంది. "ఎవరన్నా కూర్చోబోతే లేపేసేను."

దుబాసీని ఉమ్మడి వరుసలో ఎందుకు పెట్టలేదని అడిగాను.

తర్వాత వచ్చిన చదువరులు ఇద్దరూ సంతకం పెడతామన్నారట. సత్యానందమే ఇవ్వలేదట. ఎందుకని తను అడిగితే అతను చెప్పిన మాట ఆమె నాకు చెప్పింది. "ఆళ్ళు చదవకుండా పెడతారు పేరంటాలూ. పూర్తిగా చదివినోడు ఒక్కడే. ఆడే పెట్టాలి."

మధ్యాహ్నం నుంచి చదువుతున్నాను. నియమం ప్రకారం మళ్ళీ మొదటి నుంచి చదవాలి. చదవకుండా ఎలాగూ పెట్టను.

అతని రాత గురించి ఇక్కడ రాయాలి. ఇరవై రెండేళ్ళ కింద నేను చూసినది మొరటుగా ఉండేది. ఇప్పుడున్నది అది కాదు. ప్రతి వరసా తన పని మాత్రమే చేస్తుంది. ఒక పేరు చూస్తే అదేమిటో తెలుస్తుంది. ఎక్కడైనా కష్టమైన మలుపు ఉంటే ముందే చేయి పట్టుకుని, "ఇక్కడ చూసుకుని నడువు" అన్నట్టు ఒక మాట ఉంటుంది. మంచి వచనం అంటే ఏమిటో నాకు తెలుసు, దాని కోసమే బతికాను, నాకు సరిగా రాలేదు. అతనికి వచ్చింది. యంత్రం కోసం రాసిన రాతలో వచ్చింది.

రెండు వందల పద్దెనిమిదో వరస పక్కన ఇలా ఉంది: "వీరభద్రం అభ్యంతరం ఒకటి. నిజమే. సరిచేశాను."

కొంచెం కిందికి వెళితే: "వీరభద్రం రెండు. నిజమే. ఇది పట్టుకోవడానికి అతనికి ఎన్ని రోజులు పట్టిందో. సరిచేశాను."

అలా వరసగా ఉన్నాయి. కొన్నింటికి సంవత్సరం వేసి ఉంది. పంతొమ్మిదో అభ్యంతరం సరిచేయడానికి అతనికి ఆరేళ్ళు పట్టింది. "వీరభద్రం ఇరవై ఆరు. కోపంతో రాశాడు గాని నిజమే." నేను లేచి, కాసేపు రేకుల మీది ఉప్పు తుడిచి వచ్చాను. పొద్దున ఒకసారి తుడిచాను, ఇంకా ఏమీ పేరుకోలేదు.

నలభై రెండింటికి నిజమే అని ఉంది. ముప్పయ్యొకటో దానికి మాత్రం ఇలా ఉంది: "కాదు. వీరభద్రం తప్పు."

ఆ అభ్యంతరం నాకు గుర్తుంది. నీరు సున్నా గీతకు ఏడంగుళాలు కింద ఉంటే, అందులో సగం మూడున్నర. పూర్తి అంగుళాల్లోనే చెప్పాలంటే మూడా, నాలుగా? ముక్క వదిలేసి మూడనాలని నా వాదన, నా దగ్గరున్న పుస్తకాలు అలాగే చెబుతాయి. అతను నాలుగు అంటాడు, ఎప్పుడూ కిందికే దించాలంటాడు. పక్కనే కారణం రాశాడు.

"గీతకు పైన ఉన్నప్పుడు కిందికి దించి, కింద ఉన్నప్పుడు పైకి లేపితే, గీత దగ్గర ఒక మెట్టు రెండు మెట్లంత వెడల్పవుతుంది. నీరు గీత దాటే వేళకే లెక్క మొద్దుబారుతుంది. లష్కరు చక్రం తిప్పేది సరిగ్గా ఆ వేళకే."

కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. అతన్ని పట్టుకోవాలనే కూర్చున్నాను, అది కూడా రాస్తున్నాను. గీత పైనుంచి కిందికి అంగుళంలో పదో వంతు చొప్పున దించుతూ లెక్కవేశాను. మధ్యలో నా పద్ధతి ప్రకారం వచ్చిన సున్నాలు లెక్కపెట్టాను. దాదాపు రెండింతలున్నాయి.

అప్పుడు ఏకాదశి నాటి నా చీటీ తీసి పక్కన పెట్టాను. కాలువ నీరు ఆ రోజు గీతకు కింద ఉంది. ప్రతి లాకు దగ్గరా నేను ముక్క వదిలేశాను. మొదటి లాకు దగ్గర అర నిమిషం. ఒకదాని ఆలస్యం తర్వాతిదానికి కలుస్తూ ఏడోది వచ్చేసరికి మూడున్నర నిమిషాలు. నూకరత్నం నోట్లో ఉప్పు తగిలింది ఆ మూడున్నర నిమిషాల్లోనే. నా ముప్పయ్యొకటో అభ్యంతరం ఇరవై రెండేళ్ళు కట్టలో పడుండి, అవకాశం రాగానే రెండు మళ్ళు తినేసింది.

పొద్దు గుంకేలోగా ఏడు వేల వరసలు అయ్యాయి. మిగతావి రేపు గడువు లోపు అవుతాయి.

పున్నమి. ఏడో రాత.

ఐదూ నలభైకి చివరి వరస చదివాను. లోవరాజు ఆరింటికి మాట యంత్రాన్ని చంకలో పెట్టుకుని వచ్చాడు. చిన్న పెట్టె. దానికి మర్యాదలన్నీ తెలుసు, గుమ్మంలోనే నన్ను పేరుపెట్టి పలకరించి, అలసిపోయినట్టున్నారు అంది. దాన్ని బయట అరుగు మీద పెట్టమన్నాను.

లోవరాజుకి ఒక చిక్కు తట్టింది, అతన్ని తక్కువ చేయకూడదు, సరైన చిక్కే. పోయినవాళ్ళది నడవకూడదు కదా అన్నాడు. గోడ మీదిదే చదివాడు. నేను చెప్పాను: సత్యానందం అరలోది నడవదు, అది అక్కడే ఉంటుంది, చదువుకునేవాళ్ళ కోసం. దాన్ని చూసి రాసిన నకలు ఉమ్మడి వరుసలో పెడుతున్నాను. దాని ప్రతి వరసకూ పూచీ బతికున్న మనిషిది. మనిషి పేరు వీరభద్రం.

"మీరు తగదన్నారు కదా," అన్నాడు.

"అన్నాను."

"మరి ఆ కాగితం?"

పాత కట్ట ముందే తీసి పెట్టాను. "తగదు" అన్న మాట కొట్టేసి, పక్కన ఈ రోజు తిథి వేసి, "చదివాను, బాగుంది" అని రాశాను. ఈసారి సంతకం కింద గీత గీయలేదు. లోవరాజు సాక్షి సంతకం పెట్టాడు. పెదవులు కదుపుతూనే మొత్తం చదివి మరీ పెట్టాడు.

పలకకు చిరునామా చెప్పే వరస ఒకటి ఉంది. సత్యానందం ఇంటి పేరున్న చోట ఉమ్మడి వరుస అని మార్చాను. మూసి మళ్ళీ తెరిచాను. పై వరస ఖాళీగా ఉంది. అంత అందమైన ఖాళీ నేను చూసి చాలా ఏళ్ళయింది. పోటెత్తు, కాలువ నీరు రాసి ఆజ్ఞ ఇచ్చాను. ఊపిరి పీల్చి వదిలేలోగా పద్నాలుగు లాకుల చీటీ దిగింది.

తొమ్మిదింటికి పోటు. ఏడో లాకు దగ్గరికి వెళ్ళాను. ఏరు వెనక్కి తన్నుకొచ్చి గట్టు నడుం దాకా ఉబ్బింది. నూకరత్నం చీటీ చూసుకుని, చక్రం తిప్పి, మంచినీరు లోపలికి పోతుంటే అలా నిలబడింది. ఎనిమిది నిమిషాలు. చక్రం వెనక్కి తిప్పింది. తలుపు దిగి నేలకు తగిలిన చప్పుడయ్యాక, తలుపు అవతల నీటి రంగు మారింది. సముద్రం వచ్చి తలుపుకి భుజం ఆనించింది. లోపలి నీరు ఎదురు తోసింది. తలుపు ఒకసారి మూలిగి ఆగింది.

నేను ఆమె దోసిలి వైపే చూస్తున్నాను. వంగలేదు, నీళ్ళు నోట్లో వేసుకోలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని, చీటీ నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది.

"ఎవరి చీటీయండి ఇది, మాస్టారూ?"

సత్యానందందని చెప్పబోయాను. పోయినవాళ్ళది నడవకూడదు. నాదని చెప్పడానికి నోరు రాలేదు. ఇద్దరం రాసింది అన్నాను. ఆమె మళ్ళ వైపు వెళ్ళిపోయింది. తొమ్మిది మళ్ళూ పచ్చగా ఉన్నాయి.

బహుళ పాడ్యమి. ఎనిమిదో రాత, చివరిది.

పొద్దున ఉప్పు తుడిచాను. పలక తెరిచాను. చీటీ వచ్చింది.

దుబాసీ నకలులో ముప్పయ్యొకటో అభ్యంతరం దగ్గర, "కాదు. వీరభద్రం తప్పు" అన్నదాని కింద ఒక వరస చేర్చాను: "నిజమే. వీరభద్రం."

ఊరికి అవసరమైనది ఏదీ ఇకపై ఎవరి సొంత అరలోనూ ఉండకూడదని నియమం రాసి లోవరాజుకి ఇచ్చాను. సభలో ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ నియమం మొదట తగిలింది నాకే. యాభై ఏళ్ళుగా నా అరలో పోగైన పోటు పట్టికలు, లాకుల కొలతలు, ఇతరులకు అర్థం కాకూడదని నా గుర్తుల్లో రాసుకున్నవి, విప్పి ఒక్కొక్కటే ఉమ్మడి వరుసలోకి ఎత్తాను. సాయంత్రానికి నా అరలో పుస్తకాల జాబితా, తగవుల ఉత్తరాలు మిగిలాయి.

సత్యానందం అర ఎత్తితే ఊరు ఏడు రోజులు తడబడింది. నా పదకొండో రోజున పేరంటాలుగారు బతికుంటే మీట ఆమెనే నొక్కమని రాశాను, నాకు వేరే ఎవరూ లేరు. ఆమె నొక్కినప్పుడు ఈ ఊళ్ళో ఏదీ ఆగదు. చీటీ మామూలుగా వస్తుంది, నూకరత్నం మామూలుగా చక్రం తిప్పుతుంది, పలక పై వరస ఖాళీగా ఉంటుంది.

అలా ఉండేట్టు నేనే చేశాను. ఒకటికి రెండుసార్లు సరిచూశాను. అయినా కొంచెం కష్టంగానే ఉంది.